పొయ్యి ముట్టిస్తే ఆరిపోయే ఫ్రిజ్: ఒక ట్రైలర్ గ్యాస్ లైన్ కేస్ స్టడీ

హనుమకొండలో ఫ్రిజ్, ఏసీ, గ్యాస్ లైన్ పనులు చేయబట్టి ఇరవై రెండేళ్లయింది. ఈ కేసు రాయడానికి ఒక కారణం ఉంది. మొదటి రోజే ఆ ఇంటి అమ్మ లోపం ఎక్కడుందో దాదాపు చెప్పేసింది. నేను పట్టించుకోలేదు. దానివల్ల వాళ్ల ఇంకో ప్రయాణం పాడైంది. ఆ ఫ్రిజ్‌లో ఉన్నది కూల్‌డ్రింకులు కాదు, ఇన్సులిన్. అందుకే ఏ దశలో ఏం అనుకున్నానో, ఎందుకు అనుకున్నానో దాచకుండా రాస్తున్నాను. వాళ్ల పేర్లు, ఊరు, బండి గుర్తులు వదిలేశాను. కొలతలు మాత్రం నా నోట్‌బుక్‌లో ఉన్నవే.

బండి, ఫ్రిజ్

భార్యాభర్తలిద్దరూ రిటైరయ్యారు. జీపు వెనక తగిలించుకుని లాక్కెళ్లే ఇల్లు లాంటి ట్రైలర్ ఒకటి బాడీ బిల్డింగ్ షెడ్డులో చేయించుకున్నారు. రెండు బెడ్లు, రెండు బర్నర్ల పొయ్యి, చిన్న సింకు, ఒక ఫ్రిజ్. లక్నవరం, రామప్ప, బొగత జలపాతం, కాళేశ్వరం, ఇలా నెలకు రెండు మూడు రోజులు తిరిగొస్తారు. ఫ్రిజ్ అమెరికా నుంచి బంధువులు సామాన్లతో పాటు పంపిన పాతది. గ్యాస్ మీదా నడుస్తుంది, కరెంటు మీదా నడుస్తుంది. అక్కడి కరెంటు 120 వోల్టులు కాబట్టి ఇక్కడ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వాడుతున్నారు.

ఈ రకం ఫ్రిజ్ చూడని మెకానిక్‌ల కోసం రెండు మాటలు. దీనికి కంప్రెసర్ ఉండదు. వెనక వెల్డింగ్‌తో మూసేసిన గొట్టాల్లో అమ్మోనియా, నీళ్లు, హైడ్రోజన్ ఉంటాయి. కింద మంట తగిలితే నీళ్లలోంచి అమ్మోనియా ఆవిరై పైకి పోతుంది. పైన రెక్కల దగ్గర చల్లబడి ద్రవమవుతుంది. ఫ్రీజర్ వెనక హైడ్రోజన్‌లోకి వెళ్లి మళ్లీ ఆవిరవుతూ లోపలి వేడిని లాగేస్తుంది. ఆ తర్వాత నీళ్లు దాన్ని తిరిగి కలుపుకుంటాయి. స్వీడన్‌లో 1922లో ఫాన్ ప్లాటెన్, మున్టర్స్ అనే ఇద్దరు విద్యార్థులు కనిపెట్టిన పద్ధతి ఇది. హోటల్ గదుల్లో చప్పుడు చేయని మినీబార్లు చాలా ఈ పద్ధతివే. నేను ఈ పని నేర్చుకున్నది వాటి మీదే. మనకు గుర్తుండాల్సింది ఒకటే, ఇక్కడ చల్లదనాన్ని పుట్టించేది వేడి. వేడి తగ్గినా, ఎక్కువైనా, తగలాల్సిన చోట తగలకపోయినా లోపల చల్లబడదు.

వాళ్లు చెప్పిన సమస్య

ఏప్రిల్ మొదటి వారంలో ఫోన్ వచ్చింది. ఇంటి దగ్గర కరెంటు మీద పెడితే ఫ్రిజ్ బాగానే ఉంటుంది. బయటికి వెళ్లి గ్యాస్ మీద పెడితే రెండో రోజుకే పాలు విరుగుతాయి. కొన్నిసార్లు మంట దానంతట అదే ఆరిపోతుంది. ఆయన ఇంకో మాట కూడా అన్నారు, కొత్త సిలిండర్ పెట్టిన మొదట్లో కాస్త నయంగా ఉంటుందని.

అమ్మకు షుగర్ ఉంది, రోజూ ఇన్సులిన్ తీసుకుంటారు. వాడని వయల్స్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. గడ్డకట్టినా పనికిరావు. మన దగ్గర ఏప్రిల్, మే ఎండలు తెలిసినవే, నలభై దాటుతాయి.

నేను బర్నర్ మూత విప్పుతుంటే ఆమె పక్కన నిలబడి అన్నారు: "తమ్మీ, బండిల రెండు పొయ్యిలు ముట్టిస్తే రెండూ సరిగ్గ మండుతలేవు. అన్నం ఉడకనికి చానసేపు పడ్తంది." నేను తలూపి పనిలో పడ్డాను. నన్ను పిలిచింది ఫ్రిజ్ కోసం, పొయ్యి కోసం కాదు అనుకున్నాను.

నాకంటే ముందు జరిగినవి

నాకు ముందు ముగ్గురు చూశారు. మొదటాయన లోపల గ్యాస్ అయిపోయింది, ఎక్కించాలి అన్నాడట. ఈ ఫ్రిజ్‌కు అలా ఎక్కించే పని ఉండదు. లీకైతే అమ్మోనియా వాసన ముక్కు పగలగొడుతుంది, గొట్టాల మీద పసుపు రంగు మరక కనిపిస్తుంది. రెండూ లేవు. అదృష్టం కొద్దీ వాళ్లు ఒప్పుకోలేదు. రెండో అతను జెట్, అంటే బర్నర్‌లోకి గ్యాస్ చిమ్మే సన్న రంధ్రం ముక్క, మూసుకుపోయిందని స్టవ్ పిన్నుతో పొడిచాడు. మూడో అతను మంట చిన్నగా ఉందని హోటల్ భట్టీలకు వాడే హై ప్రెషర్ రెగ్యులేటర్ తగిలించి, నాబ్ కొంచెం తిప్పి పెట్టాడు.

ఆ రెగ్యులేటర్ చూడగానే నాకు టెన్షన్ వచ్చింది. ఇళ్లలో వాడే రెగ్యులేటర్ నుంచి వచ్చే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 30 గ్రాములే, అంటే సుమారు 300 మిల్లీమీటర్ల ఎత్తు నీటి బరువు. ఫ్రిజ్ ప్లేటు మీద రాసి ఉన్నది 11 అంగుళాల నీటి ఎత్తు, అంటే 280 మిల్లీమీటర్లు. హై ప్రెషర్ రెగ్యులేటర్ నాబ్ పూర్తిగా తిప్పితే దీనికి ముప్పై రెట్లకు పైగా పంపగలదు. ఆ బండిలో మనుషులు తలుపులు వేసుకుని పడుకుంటారు. అందుకే ఫ్రిజ్ సంగతి తర్వాత అని ముందు సిలిండర్ కట్టేసి దాన్ని ఊడదీశాను. అంత ఒత్తిడి చూసిన ఫ్రిజ్ గ్యాస్ వాల్వ్ మీద నమ్మకం పెట్టుకోలేం. లైన్‌లో 300 మిల్లీమీటర్లు నింపి, అన్నీ మూసి, పది నిమిషాలు చూశాను. కొలిచే పైపులో (దాని గురించి కింద రాశాను) నీటి గీత కదల్లేదు. జాయింట్ల మీద సబ్బు నురగ వేసి చూస్తే ఎక్కడా బుడగ లేదు. అప్పుడు గానీ మిగతా పని మొదలుపెట్టలేదు.

మొదటి నిర్ణయం: రెండు వేడుల తేడా

ఇలాంటి ఫ్రిజ్‌లో ముందు తేల్చాల్సింది లోపం గొట్టాల్లో ఉందా, వేడిచ్చే వైపు ఉందా అని. ఒకే గొట్టాలకు వేడిచ్చేవి రెండున్నాయి, గ్యాస్ మంట, కరెంటు హీటర్, కాబట్టి ఇది తేలిక. బండి వాళ్ల గేటు ముందు ర్యాంపు మీద ఒక పక్కకు ఒరిగి ఉంది. అలా ఒరిగితే లోపల ద్రవం సరిగ్గా కిందికి జారదు, అలాగే నడిపిస్తే గొట్టాలే పాడవుతాయి. ఫ్రీజర్ నేల మీద స్పిరిట్ లెవెల్ పెట్టి, ఒక చక్రం కింద చెక్క వేసి బండిని సమం చేశాను. కరెంటు మీద పెట్టి, గ్లాసు నీళ్లలో థర్మామీటర్ ముంచి లోపల ఉంచాను. గాలి ఉష్ణోగ్రత తలుపు తీసిన ప్రతిసారీ ఎగిరిపడుతుంది, గ్లాసు నీళ్లు నిలకడగా ఉంటాయి. హీటర్ 2.7 ఆంపియర్లు తీసుకుంది, 120 వోల్టుల మీద సుమారు 325 వాట్లు. మర్నాడు పొద్దున థర్మామీటర్ 4 డిగ్రీలు చూపించింది.

అంటే గొట్టాలు ఆరోగ్యంగానే ఉన్నాయి. లోపం గ్యాస్ వైపే. ఇంతవరకు నా లెక్క సరైనదే.

ప్రెషర్ కొలవడం, నేను చేసిన తప్పు

నా దగ్గర మానోమీటర్, అంటే గ్యాస్ ఒత్తిడి కొలిచేది, మేస్త్రీలు మట్టం చూసే పారదర్శక లెవెల్ పైపే. దాన్ని ఇంగ్లిష్ యు అక్షరంలా వంచి, అడుగున్నర పలక మీద బిగించి, మధ్యలో మిల్లీమీటర్ల స్కేలు అతికించాను. లోపల నీళ్లు, కనబడడానికి ఒక చుక్క నీలిమందు. ఒక కొన ఫ్రిజ్ వాల్వ్ పక్కనున్న టెస్ట్ నిపుల్‌కు తొడగాలి, రెండో కొన గాలికి వదిలేయాలి. గ్యాస్ వదిలితే ఒక వైపు నీళ్లు దిగుతాయి, రెండో వైపు లేస్తాయి. రెంటి మధ్య మొత్తం తేడా చదవాలి. ఒక్క వైపు మాత్రమే చదివి సగం రాసుకున్నవాళ్లను చూశాను, జాగ్రత్త.

వాళ్ల పాత ఇంటి రెగ్యులేటర్ మళ్లీ తగిలించి ఫ్రిజ్ ఒక్కటే వెలిగించాను. 240 మిల్లీమీటర్లు వచ్చింది. రెగ్యులేటర్ బలహీనపడింది అని తేల్చేశాను. కొత్తది వేశాను. ఏమీ వెలగనప్పుడు 310, ఫ్రిజ్ వెలిగితే 285. ప్లేటు మీది లెక్కకు దగ్గరే. మంట లేచి నిలబడింది. పాత రబ్బరు పైపు కూడా ఐదేళ్లు దాటి ఉంటే మార్చేశాను. డబ్బులు తీసుకుని వచ్చేశాను.

ఇక్కడ నేను చేయని పని, పొయ్యి వెలిగించి చూడడం. అమ్మ చెప్పిన మాట అప్పటికి ఒక రోజు పాతదే. రీడింగ్ ప్లేటుతో కలిసింది కాబట్టి కథ అయిపోయిందనుకున్నాను.

పది రోజుల తర్వాత లక్నవరం నుంచి ఫోన్. పొద్దున టీ పెట్టుకున్నారు, టిఫిన్ చేసుకున్నారు, చెరువు దగ్గరికి వెళ్లారు. మధ్యాహ్నం వచ్చేసరికి ఫ్రిజ్ మంట లేదు. లోపల 19 డిగ్రీలు. రెండు వయల్స్ పక్కన పెట్టేసి ములుగులో కొత్తవి కొన్నారు. ఆయన నా మీద కోప్పడలేదు. అదే నాకు ఎక్కువ బాధ అనిపించింది.

రెండోసారి: ఇరుకు ఎక్కడుంది

ఈసారి అన్నీ వెలిగించి కొలిచాను. ఫ్రిజ్ ఒక్కటే ఉంటే 285. ఒక పొయ్యి ముట్టిస్తే నీటి గీతలు దగ్గరికి జరిగాయి, 225. రెండో పొయ్యి కూడా ముట్టిస్తే 150. బర్నర్ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. మంట కుంగింది, పక్కకు వాలింది, కింది వెంట్ నుంచి గాలి వచ్చినప్పుడల్లా థర్మోకపుల్ (మంట వేడికి కొద్దిపాటి కరెంటు పుట్టించి గ్యాస్ వాల్వ్‌ను తెరిచి ఉంచేది) మొనను వదిలేసి మళ్లీ అంటుకుంటోంది. థర్మోకపుల్‌కు మీటర్ పెడితే 27 మిల్లీవోల్టులు ఉన్నది మెల్లగా 11కు దిగింది. టక్కుమని వాల్వ్ మూసుకుంది. మంట ఆరిపోతే గ్యాస్ బయటికి పోకుండా ఆపే రక్షణ అది. దాని పని అది సరిగ్గా చేసింది.

ఇప్పుడు ఆలోచించాల్సింది ఇరుకు లైన్‌లో ఏ ముక్కలో ఉందని. ఫ్రిజ్ వైపు వెళ్లే కొమ్మలో అయితే పొయ్యి వెలిగించినంత మాత్రాన ఫ్రిజ్ దగ్గర ఒత్తిడి ఇంత పడకూడదు. ఎందుకంటే ఆ కొమ్మలో పారేది ఫ్రిజ్ గ్యాస్ ఒక్కటే, అది పెరగలేదు. పొయ్యి గ్యాస్, ఫ్రిజ్ గ్యాస్ కలిసి పారే చోటే ఇరుకు ఉండాలి. రెండు పొలాలకు నీళ్లు పోయే కాలువలో పై తూము పూడుకుపోతే, పై రైతు మడవ తీయగానే కింది రైతుకు నీళ్లు అందవు. అదే ఇది. అంటే రెగ్యులేటర్‌కూ, లైన్ రెండుగా చీలే పొయ్యి దగ్గరి టీ జాయింట్‌కూ మధ్య.

రుజువు కోసం మూడు చోట్ల కొలిచాను, అన్నీ వెలుగుతుండగానే. రెగ్యులేటర్ బయట 280. టీ దగ్గర 155. ఫ్రిజ్ దగ్గర 150. పోయిన 130లో 125 మొదటి ముక్కలోనే పోయింది. రెగ్యులేటర్‌కు తప్పు లేదని కూడా తేలింది. పాతది కొంచెం బలహీనమే కావచ్చు, కానీ అసలు దొంగ అది కాదు.

బండి కింద పడుకుని టార్చి వేసి చూశాను. రాగి గొట్టం చక్రం ఇరుసు పక్క నుంచి వెళ్తుంది. మట్టి పొర గీకితే ఒక జానెడు పొడవున గొట్టం చపాతీలా నొక్కుకుపోయి ఉంది. వేలితో తడిమితే మధ్యలో గోరు మందం సందు మిగిలింది. ఎప్పుడో పంచర్ వేయించినప్పుడు జాకీ అక్కడ ఆనించారు. ఆయనకు వెంటనే గుర్తొచ్చింది, అంతకు ముందు దసరాకు కాళేశ్వరం దారిలో. పగలలేదు కాబట్టి లీకు లేదు, లీకు లేదు కాబట్టి ఎవరికీ వాసన రాలేదు.

ఆ ముక్క మొత్తం తీసేసి కొత్త రాగి గొట్టం వేశాను. అతుకు పెట్టి సరిపెట్టలేదు, ఎందుకంటే బండి కింద ఊపుల్లో ప్రతి అతుకూ రేపటి లీకే. గొట్టం కొన వెడల్పు చేసి నట్టుతో బిగించే ఫ్లేర్ జాయింట్లు రెండు కొనల్లోనే. చాసిస్‌లోంచి వెళ్లే చోట రబ్బరు వాషర్లు, పైన ఇనుప కవచం, జాకీ పెట్టే చోటు మీద ఎర్ర పెయింట్. తర్వాత కొలిస్తే రెండు పొయ్యిలూ ఫ్రిజ్ కలిసి వెలిగినా 275. అమ్మ లోపలికి వెళ్లి రెండు పొయ్యిలూ ముట్టించి, వంగి చూసి, "ఇగ మంచిగ మండుతున్నయ్" అన్నారు. ఆ మాటతో మొదటి రోజు ఆమె అన్నది నాకు గుర్తొచ్చింది. నా మానోమీటర్ కంటే ముందే ఆమె అన్నం గిన్నె ఈ లోపాన్ని కొలిచింది.

మసి

మంట ఇక ఆరడం లేదు. కానీ రాత్రంతా గ్యాస్ మీద పెడితే గ్లాసు నీళ్లు 9 డిగ్రీల దగ్గర ఆగిపోయాయి. కరెంటు మీద 4. ఒత్తిడి సరిపోయింది, గొట్టాలు బాగున్నాయి, మరి వేడి ఎటు పోతోంది?

మంట కొసలు పసుపుగా ఉన్నాయి. పొగగొట్టం పైన మూత తీస్తే వేలికి మసి అంటింది. గొట్టం లోపల మెలితిప్పిన రేకు ముక్క ఒకటి తీగకు వేలాడుతుంది. వేడి గాలిని గిర్రున తిప్పి గోడకు తాకించడం దాని పని. దాని నిండా నల్లటి మసి. గోడకు మసి పట్టిందంటే కంబళి చుట్టినట్టే, వేడి లోపలికి ఎక్కకుండా పొగతో పాటు పైకి పోతుంది. మసి అంటే గ్యాస్ పూర్తిగా కాలడం లేదని కూడా, కార్బన్ మోనాక్సైడ్ పుడుతోందని కూడా. దానికి వాసన ఉండదు. ఫ్రిజ్ వెనక అరకూ మనుషులు పడుకునే గదికీ మధ్య సందులన్నీ ఆ రోజే మూసేశాను. తల వైపు ఒక కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టించాను. ఎల్పీజీ గాలి కంటే బరువు కాబట్టి నేల దగ్గర ఒక లీక్ అలారం కూడా.

బర్నర్ మీద గుడ్డ కప్పి పై నుంచి బ్రష్‌తో మసి దులిపాను. జెట్ తీసి భూతద్దంలో చూస్తే రంధ్రం గుండ్రంగా లేదు, ఒక వైపు గీరుకుపోయి కోడిగుడ్డు ఆకారంలో ఉంది. స్టవ్ పిన్ను చేసిన పని. రంధ్రం వ్యాసం పదో వంతు పెరిగితే వైశాల్యం ఐదో వంతు పెరుగుతుంది, గ్యాస్ కూడా అంతే పెరుగుతుంది. గాలి మాత్రం అంతగా పెరగదు. ఈ జెట్‌ను స్పిరిట్‌లో నానబెట్టి గాలి ఊదాలి, అంతే. లోపలికి ఏ లోహపు మొనా పోకూడదు. పాడైన జెట్‌ను బాగుచేసే దారి లేదు.

కొత్త జెట్ ఇక్కడ దొరకలేదు. సైజు దగ్గరగా ఉందని వేరే స్టవ్ జెట్ వేయమన్నారు తెలిసినవాళ్లు. వేయలేదు. ఇంతకు ముందు ఇద్దరు కొలవకుండా మార్చినందుకే ఇంత దూరం వచ్చింది. ఫ్రిజ్ మోడల్ నంబరు పంపి అమెరికా నుంచి తెప్పించుకున్నారు, పందొమ్మిది రోజులు పట్టింది. అంతవరకు ఇన్సులిన్‌ను మెడికల్ షాపుల వాళ్లు ఇచ్చే థర్మోకోల్ డబ్బాలో, జెల్ ప్యాకులకు నేరుగా తగలకుండా గుడ్డ చుట్టి పెట్టమన్నాను.

కొత్త జెట్‌తో మంట నీలంగా, గట్టిగా నిలబడింది. మే రెండో వారం, బయట 42 డిగ్రీలు. తెల్లారేసరికి గ్లాసులో 5. వెంట్ల దగ్గర చిన్న పని కూడా దొరికింది. పైవెంట్ జాలీలో కందిరీగ మట్టిగూడు కట్టి సగం మూసేసింది. దాన్ని తీసి, 12 వోల్టుల చిన్న ఫ్యాను బిగించాను. మధ్యాహ్నం ఎండ వెంట్ ఉన్న గోడ మీద పడకుండా బండి నిలపమని చెప్పాను.

సిలిండర్ చివర్లో పసుపు మంట

జూన్‌లో ఆయన ఒక ఫొటో పంపారు. సిలిండర్ అడుగంటుతున్నప్పుడు మంట కొసలు మళ్లీ కొంచెం పసుపు అవుతున్నాయి. మొదటి రోజు ఆయన అన్న మాటకు జవాబు ఇక్కడ దొరికింది.

ఆ ఫ్రిజ్ ప్రొపేన్ కోసం తయారైంది. మన సిలిండర్‌లో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన గ్యాస్. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, బ్యూటేన్ సున్నాకు కాస్త కింద. కాబట్టి కొత్త సిలిండర్ నుంచి ముందు ప్రొపేన్ ఎక్కువగా వస్తుంది, అడుగుకు వచ్చేకొద్దీ బ్యూటేన్ పాలు పెరుగుతుంది. ఒక పాలు ప్రొపేన్ కాలడానికి 24 పాళ్ల గాలి చాలు, బ్యూటేన్‌కు 31 కావాలి. బ్యూటేన్ బరువు ఎక్కువ కాబట్టి జెట్‌లోంచి కొంచెం తక్కువే వస్తుంది, అయినా మొత్తం మీద మంటకు సుమారు 14 శాతం ఎక్కువ వేడి చేరుతుంది. గాలి సరిపోక కొస పసుపవుతుంది.

ఒత్తిడి తగ్గించి దీన్ని సరిచేయవచ్చు అనే ఆలోచన నాకూ వచ్చింది. లెక్క వేస్తే 280ని 215 దాకా దించాలి. అప్పుడు కొత్త సిలిండర్ పెట్టిన రోజు మంట బలహీనమై థర్మోకపుల్ చల్లబడి వాల్వ్ మళ్లీ మూసుకుపోయే ప్రమాదం ఉంది. పైగా పొయ్యికి 300 కావాలి. అందుకే ఒత్తిడి ముట్టుకోలేదు. రెండు నెలలకోసారి మసి దులపడం, ప్రయాణానికి ముందు సగం కంటే తక్కువున్న సిలిండర్‌ను ఇంటి వాడకానికి మార్చుకోవడం, ఈ రెండూ చెప్పాను. బండి కదిలేటప్పుడు, పెట్రోల్ బంకు దగ్గరికి వెళ్లేముందు సిలిండర్ వాల్వ్ కట్టేయడం ఆయనకు ముందే అలవాటు.

ఇప్పుడు ఏ గ్యాస్ లైన్ పనికి వెళ్లినా ఇంట్లో వంట చేసేవాళ్లను ముందు అడుగుతున్నాను, మంట ఎప్పుడు ఎలా ఉంటోందని. ఆ తర్వాత ఇంట్లో ఉన్న బర్నర్లన్నీ వెలిగించి, లైన్‌లో అన్నిటికంటే చివరున్న దాని దగ్గర కొలుస్తున్నాను. ఈ ట్రైలర్ ఫ్రిజ్ వెంట్ తలుపు లోపలి వైపు చెరగని మార్కర్‌తో మూడు అంకెలు, తేదీ రాసి పెట్టాను: ఏమీ వెలగనప్పుడు 310, ఫ్రిజ్ ఒక్కటే 285, అన్నీ వెలిగితే 275. వాటి కింద ఒక లైను, "జెట్‌లో పిన్ను పెట్టవద్దు."